కన్యాకుమారి మేడం గొంతు

కన్యాకుమారి మేడం తెలుగు పాఠం చెబుతుంటే శృంగవరపుకోట రోడ్డు మీద ఆటోలో పోయేవాళ్లకి కూడా పద్యం వినబడుతుందని ఆ హైస్కూల్లో అనుకునేవాళ్లు. కొంచెం ఎక్కువే గాని పూర్తిగా అబద్ధం కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఆవిడ ఆ గొంతుతోనే నెట్టుకొచ్చింది. తను ఒక పాదం చదివితే క్లాసంతా వెనకాలే అందుకోవాలి. గట్టిగా అందుకున్నారంటే పాఠం వచ్చేసినట్టేనని ఆవిడ నమ్మకం.

2016 వానాకాలంలో ఆ గొంతు బొంగురుపోయింది. మొదట జలుబనుకుంది. మిరియాల పాలు, ఉప్పునీళ్లు, పటికబెల్లం అన్నీ అయ్యాయి. దసరా సెలవులకి తగ్గలేదు సరికదా, సాయంత్రమయ్యేసరికి మాటకి బదులు గాలి వచ్చేది. భర్త జగన్నాధం బజారులో బట్టల కొట్టు మూసి మరీ ఆవిణ్ణి విజయనగరం తీసుకెళ్లాడు. డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, స్వరతంత్రుల మీద చిన్న కాయలు లేచాయన్నాడు.

"అరిచి అరిచి వచ్చినవండి ఇవి. రెండు నెలలు మాట్లాడకండి. గుసగుస కూడా వద్దు. తగ్గకపోతే ఆపరేషన్ చెయ్యాలి. చేశాక గొంతు మునుపటిలా ఉంటుందని మాత్రం నేను చెప్పలేను."

సెలవు పెట్టమన్నాడు హెడ్మాస్టరు నరసింగరావు. "నా బదులు ఎవరు?" అని ఆవిడ కాగితం మీద రాసి చూపించింది. ఎవరూ లేరు. ఉన్న రెండో తెలుగు మాస్టారు బదిలీ మీద వెళ్లి ఏడాదైంది, ఆ ఖాళీ అలాగే ఉంది.

"మాటాడకుండా తెలుగు ఎలా చెబుతారండీ?" అన్నాడాయన తల గోక్కుంటూ.

"చెప్పొచ్చు సార్," అంది ఝాన్సీ. ఆవిడ సైన్సు టీచరు, వయసులో చిన్నది. ఆవిడ దగ్గర ఒక ట్యాబ్ ఉండేది. హాజరు, మార్కులు, రేపటి పాఠం అన్నీ అందులోనే రాసుకునేది. స్టాఫ్‌రూములో అందరూ దాన్ని 'ఝాన్సీ పలక' అని ఆటపట్టించేవాళ్లు. అందరికంటే ముందు ఆ పేరు పెట్టింది కన్యాకుమారే.

ఝాన్సీ అదేమీ మనసులో పెట్టుకోలేదు. ట్యాబ్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. తెలుగులో టైపు చేస్తే పైకి చదివి వినిపించే యాప్ ఒకటి చూపించింది. మర్నాడు తొమ్మిదో తరగతిలో కన్యాకుమారి కష్టపడి టైపు చేసి మీట నొక్కింది. "పిల్లలారా, కూర్చోండి" అంది ట్యాబ్, డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు. క్లాసు ఒక్కసారి గొల్లుమంది. సాయంత్రానికి సైకిల్ స్టాండు దగ్గర, కొళాయి దగ్గర ఎక్కడ చూసినా పిల్లలు మెడ బిగబట్టి "పిల్లలారా, కూర్చోండి" అంటున్నారు.

కన్యాకుమారి ట్యాబ్ తీసుకెళ్లి ఝాన్సీ బల్ల మీద పెట్టేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఝాన్సీ ట్యాబ్ చేతిలోకి తీసుకుంది.

"ఆ యాప్ తీసేద్దాం మేడం. మీకు బదులు అది మాటాడక్కర్లేదు. పిల్లలే మాటాడతారు."

కంప్యూటర్ గదిలో మూలపడున్న ప్రొజెక్టరు దులిపి, తీగ కలిపి, ట్యాబ్ మీద వేలితో రాసింది గోడ మీద పడేలా చేసింది. గదిలో గోల ఎంతుందో సూదితో చూపించే యాప్ పెట్టింది. గోల పెరిగితే సూది ఎర్రగీత దాటుతుంది. ఇంకోటి, పిల్లల పేర్లున్న చక్రం. వేలితో తిప్పితే ఎవరో ఒకరి పేరు దగ్గర ఆగుతుంది. ఆ పేరున్నవాళ్లు లేచి ఒక పేరా పైకి చదవాలి.

ఇది నడిచింది. సూది ఎర్రగీత దాటకుండా పిల్లలే ఒకళ్లనొకళ్లు "ష్" అనుకునేవాళ్లు. ధర్మేంద్ర అనే కుర్రాడు ఎంత బాగా చదువుతాడో కన్యాకుమారికి అప్పుడే తెలిసింది. ఒక్కొక్కరి గొంతు విడిగా వింటుంటే ఆవిడకి కొత్త క్లాసులోకి వచ్చినట్టుండేది.

ఒకరోజు చక్రం గున్నమ్మ పేరు దగ్గర ఆగింది.

గున్నమ్మంటే ఆ క్లాసుకి పెద్ద నోరు. పద్యం అందుకోవడంలో అందరికంటే ముందు ఆ పిల్లే. కబడ్డీ జట్టుకి కూడా తనే కెప్టెన్. గున్నమ్మ లేచి పుస్తకం పట్టుకుని మొదటి వాక్యం గడగడా చెప్పేసింది. అది అంతకుముందు ధర్మేంద్ర చదివిన వాక్యం. కన్యాకుమారి తల అడ్డంగా ఊపి, తర్వాతి పేరా మీద వేలు పెట్టింది.

గున్నమ్మ నోరు పెగల్లేదు.

"కళ్లు మసకలొస్తన్నాయి మేడం," అంది చివరికి.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. గోడ మీద సూది ఎర్రగీత దాటి చివరికంటా పోయింది. మునుపైతే ఒక్క కేకతో గది చల్లబడేది. ఇప్పుడు గొంతు మీద చెయ్యి వేసుకుని నిలబడటం తప్ప ఆవిడ ఏమీ చెయ్యలేకపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గున్నమ్మని పిలిచి, ట్యాబ్ మీద 'వాన' అని రాసి చూపించింది. గున్నమ్మ చాలాసేపు చూసింది.

"నాకు రాదు మేడం. అందరితోపాటు అంటే వచ్చేస్తాది. ఒక్కదాన్నే అయితే రాదు."

మరి పరీక్షలు ఎలా రాశావన్నట్టు కన్యాకుమారి చెయ్యి తిప్పింది.

"రాధిక పక్కన కూకుంటాను గదా. బొమ్మ దించినట్టు దించేస్తాను."

ఆరో తరగతి నుంచీ గున్నమ్మకి తెలుగు చెప్పింది తనే. మార్కులు వేసిందీ తనే. ఆ రాత్రి ఆవిడకి అన్నం సహించలేదు. ఏమైందని జగన్నాధం ఎంత అడిగినా, రాసి చెప్పబుద్ధి కాలేదు.

మర్నాటి నుంచి భోజనాల తర్వాత, బడి విడిచాక కాసేపు గున్నమ్మ స్టాఫ్‌రూములో కూర్చునేది. ట్యాబ్ మీద మేడం అక్షరం రాస్తే దాని మీదే వేలు పెట్టి దిద్దేది. ధర్మేంద్రతో ఒక్కో వాక్యం నెమ్మదిగా చదివించి రికార్డు చేసి పెట్టింది ఝాన్సీ. గున్నమ్మ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటూ పుస్తకంలో మాటల కింద వేలు జరుపుకుంటూ పోయేది.

కాని ఆ పిల్లని నిజంగా చదివించింది ఆ పిల్ల నోరే. గున్నమ్మకి మాట్లాడకుండా ఉండటం చేతకాదు. ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. మేడం జవాబు చెప్పాలంటే రాయాలి. గున్నమ్మకి ఆ జవాబు కావాలంటే చదువుకోవాలి.

"మీకు పిల్లల్లేరేటి మేడం?" అంది ఒకరోజు.

కన్యాకుమారి రాసి ముందు పెట్టింది.

"ఒ... క... ఒక... కూ... ఏటి మేడం, నోటితో సెప్పీయొచ్చు గదా!"

ఆవిడ గొంతు చూపించి నవ్వింది. ఒక కూతురుందని, విశాఖలో చదువుతోందని తెలుసుకునేసరికి బెల్లు కొట్టేశారు. 'విశాఖ' పట్టుకున్నప్పుడు మాత్రం గున్నమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

కార్తీకమాసం చివర్లో ఒక మధ్యాహ్నం గున్నమ్మ తల్లి లక్ష్మణమ్మ పొలం నుంచి నేరుగా స్టాఫ్‌రూముకి వచ్చేసింది. వరికోతల రోజులు. చీర ఎగదోపి ఉంది, కాళ్లకి మట్టి ఉంది.

"తొమ్మిదో తరగతి పిల్లకి అ ఆలు దిద్దిస్తన్నారంట. ఈదంతా నవ్వుతున్నారు. దాని సదువు ఇదేనా అని మా ఆడబిడ్డ మొకం మీదే అడిగీసినాది. రేపటి నుంచి పంపను, నాతో కోతకి తీసుకుపోతాను. ఏటమ్మా, మాటాడరేటి?"

ఝాన్సీ ఏదో చెప్పబోయింది. కన్యాకుమారి చెయ్యెత్తి ఆపింది. ట్యాబ్ తీసుకుని కాసేపు రాసింది. రాసింది లక్ష్మణమ్మకి చూపించబోయి ఆగిపోయింది. లక్ష్మణమ్మ చదువుకోలేదు. అప్పుడు ట్యాబ్‌ని గున్నమ్మ చేతికిచ్చింది.

గున్నమ్మ తల్లి వైపు చూసి, మేడం వైపు చూసి, వేలు పెట్టి మొదలుపెట్టింది.

"త... ప్పు... తప్పు... పిల్ల... ది కాదు. నాది. అ... అరు... అరుపులో... నాకు... దీని గొంతు... వి... నబడ... లేదు." అక్కడ ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు... వింటు... న్నాను. మాన్... మాన్పిం... చొద్దు."

లక్ష్మణమ్మ ట్యాబ్‌లోకి వంగి చూసింది.

"నువ్వే సదివినావా? కట్టి సెప్తన్నావా?"

"సదివినాను అమ్మా. ఇదిగో, ఇది 'కాదు'. ఇది 'నాది'."

"ఇంకోపాలి సదువు."

గున్నమ్మ మళ్లీ చదివింది. ఈసారి తక్కువ చోట్ల ఆగింది. లక్ష్మణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "పొద్దోతే దార్లో కుక్కలుంటాయి, బేగి పంపండమ్మా," అని చెప్పి మళ్లీ కోతకి వెళ్లిపోయింది.

రెండు నెలలయ్యాక డాక్టరు చూసి కాయలు కరిగాయన్నాడు. ఆపరేషన్ అక్కర్లేదు గాని గొంతు మాత్రం మునుపటిలా లేదు. కాస్త బొంగురుగా, కిందస్థాయిలో ఉండిపోయింది. పద్యం ఎత్తుకుంటే మధ్యలో తెగిపోయేది. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి మానేసింది. ఆ బాధ ఆవిడకి చాలా రోజులుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు సన్నగా పాడి చూసుకునేదని జగన్నాధమే తర్వాత ఝాన్సీకి చెప్పాడు.

తొమ్మిదో తరగతి పరీక్షల్లో గున్నమ్మ విడిగా కూర్చుని రాసింది. ఒత్తులు సగం ఎగిరిపోయాయి. మార్కులు అంతకుముందు ఏడాది కంటే తగ్గాయి. పేపరు చేతికొచ్చాక మూతి ముడుచుకుని వచ్చింది.

"రాధికని సూసి రాసినప్పుడే ఎక్కువొచ్చినాయి మేడం."

"అవి రాధికవి," అంది కన్యాకుమారి ఆ బొంగురు గొంతుతోనే. "ఇవి నీవి. తక్కువే. వచ్చే ఏడు చూద్దాం."

మరుసటి ఏడు పదో తరగతిలో గున్నమ్మకి తెలుగు గట్టెక్కింది, లెక్కలు పోయాయి. లెక్కలు మళ్లీ కట్టి పాసయింది.

అప్పటికే కన్యాకుమారి తనకంటూ ఒక ట్యాబ్ కొనుక్కుంది. స్కూళ్లు తెరిచిన మొదటి వారంలోనే కొత్తగా ఆరో తరగతికి వచ్చిన పిల్లల పేర్లన్నీ చక్రంలోకి ఎక్కించింది. పాఠం మొదలెట్టకుండా ఒక్కొక్కరినీ లేపి నాలుగు వాక్యాలు చదివించింది. నోరు పెగలని పిల్లలు ఆరుగురు తేలారు. ఒకడు పంటినొప్పి అన్నాడు. ఒకమ్మాయి ఏడ్చేసింది. కన్యాకుమారి ఎవరినీ ఏమీ అనకుండా ఝాన్సీతో, "మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఇంకో బెంచీ వేయించాలమ్మా," అంది.