అరగంట కథకు అయిదు ముఖాలు

కింద కొట్టులో అత్త కుట్టుమిషన్ చప్పుడు మొదలైతే పైగదిలో అక్కాచెల్లెళ్లకు తెల్లవారినట్టే. ఇద్దరూ తమ తొలి విజువల్ నావెల్ ముందేసుకుని కూర్చుంటారు. తెరమీద బొమ్మ, దాని కింద మాటలు, మలుపు దగ్గర "ఏ దారిన వెళ్తారు?" అన్న ప్రశ్న. రాసేది అక్క, గీసేది చెల్లెలు.

అక్క లెక్క ప్రకారం చదవడానికి పన్నెండు గంటలు, పదకొండు మంది మనుషులు, మనిషికి భావానికొకటి చొప్పున ఎనిమిది ముఖాలు. ఒక్క గీతా పడకముందే తొమ్మిది ముగింపులకు పేర్లు పెట్టేసింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట," అంది చెల్లెలు. "అన్ని ముఖాలు ఎవరిస్తారక్కా?"

న్యాయమైన ప్రశ్నే. చెల్లెలు ఎవరిని చూసి ఏ భావం గీస్తే అది వాళ్లను వదిలి కాగితం మీదికి వచ్చేస్తుంది. రంగులేసి తెరకెక్కించడానికి వారం పడుతుంది. తర్వాత కాగితం చెరిపితే ఎవరిది వాళ్లకు చేరిపోతుంది. ఈ సంగతి వీధందరికీ తెలుసు. మొన్న చెల్లెలు చెయ్యి సాధనకని పోస్ట్‌మన్ నవ్వు గీస్తే, అతను వచ్చి తలుపు తట్టాడు.

"అమ్మాయ్, నా నవ్వు ఇచ్చెయ్యి. రేపు మా బావమరిది పెళ్లి. మూతి ముడుచుకు కూర్చుంటే మా ఆవిడ ఊరుకోదు."

పాపం, ఆ మాటా నవ్వకుండానే అన్నాడు.

మధ్యాహ్నం అన్నానికి పైకొచ్చిన అత్తనే అడిగారు, కథ ఎంతుంటే బాగుంటుందని.

"నాకు దొరికేది అరగంట. అందులో అయిపోవాలి. చంటిపిల్ల గౌనుకు పది గజాల గుడ్డ కొంటారుటే?"

అక్క మొహం మాడ్చుకుంది, కానీ కత్తిరించింది. అరగంట, ఒకే మనిషి, మూడు చోట్లు, రెండు ముగింపులు, అయిదు ముఖాలు.

"ముఖాలు నావి తీసుకోండి. వచ్చే నెలాఖరుకు కొట్టు మూసేస్తున్నాగా," అంది అత్త.

మామయ్య పోయి రెండేళ్లు. ఆయన టీ తెచ్చే వేళకి, సరిగ్గా నాలుగింటికి, అత్తకు దుఃఖం ముంచుకొస్తుంది. కన్నీళ్లు పడి జనం పట్టుబట్టలకు మరకలు పడుతున్నాయి. గిరాకీలు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ కొట్టు పోతే అత్త ఏమైపోతుందో వాళ్లకు తెలుసు.

నవ్వు గీశారు, తిరిగిచ్చారు. ఆశ్చర్యం, బెరుకు కూడా అంతే. కోపం గీసిన వారం, ఒకే ప్యాంటు మూడోసారి వెనక్కి తెచ్చిన పెద్దమనిషికి అత్త మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. చివరిది దుఃఖం, మామయ్య జ్ఞాపకం దగ్గరికి చేరే రెండో ముగింపుకు. నాలుగింటికి కిందికి దిగి గీసుకొచ్చింది చెల్లెలు.

మర్నాడు నాలుగు దాటినా మిషన్ ఆగలేదు. అక్క రాత ఆపి ఆ చప్పుడే వింటూ కూర్చుంది. వారంలో ఆరు పట్టు రవికెలు మరక లేకుండా కొట్టు దాటాయి.

వారం తిరిగాక చెల్లెలు కాగితం, రబ్బరు పట్టుకుని దిగింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వవే."

"మామయ్య గుర్తుకు రాడేమో అత్తా?"

"ఎందుకు రాడు? మీ కథలో ఆయన దగ్గరికి ఒక దారి పెట్టారుగా."

నెలాఖరుకు మూతపడాల్సిన కొట్టు తలుపులకు కొత్త రంగు పడింది.

మామూలు రోజుల్లో అత్త కథ తెరిస్తే మొదటి ముగింపుకే వెళ్తుంది. ఆదివారం మాత్రం ఆఖరి ప్రశ్న దగ్గర రెండో దారి నొక్కుతుంది. కాగితం చెరపకపోయినా, తెరమీది దుఃఖం ఆ బొమ్మ కనిపించినంతసేపు ఆమె ముఖానికి వస్తుంది. కరువుతీరా ఏడుస్తుంది. తర్వాత కథ మూసి, చెంగుతో కళ్లు తుడుచుకుని, సోమవారం కుట్టాల్సిన గుడ్డ కత్తిరించుకుంటుంది.