ఒక్క పేజీలో పట్టని విషయసూచిక

జెనిఫర్ కంప్యూటర్లో అప్‌డేట్ నొక్కగానే, అంతసేపూ కూర్చిన విషయసూచిక మళ్లీ చెదిరిపోయింది. చుక్కల వరసలు వంకరపోయాయి. శీర్షికకు పెట్టాల్సిన స్టైల్‌ను ఎవరో పేరా మొత్తానికి పెట్టినట్టున్నారు, పాస్టరుగారి ప్రార్థన అంతా వచ్చి సూచికలో కూర్చుంది.

వెనక ఆమె తండ్రి అబ్రహాం గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక ఆయన లాలాగూడలోని తమ చర్చికి సెక్రటరీ అయ్యాడు. ఆదివారం చర్చి వందేళ్ల పండుగ. ఆ రోజు విడుదల చేసే సావనీర్ పుస్తకం ఈ సాయంత్రంలోగా రెజిమెంటల్ బజార్‌లోని ప్రెస్‌కు చేరాలి.

"అయిందా బిడ్డా?"

"అయితలేదు డాడీ. మీరు జెర కూసోండి. మీరట్ల తిరుగుతుంటే నా చెయ్యి నిలుస్తలేదు."

కూర్చున్నాడు. ఫోన్ మోగగానే మళ్లీ లేచాడు. చర్చి కమిటీ చైర్మన్. తన సందేశం అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. కమిటీలో మిగతావాళ్లూ అదే మాట. సూచికకు ఒక్క పేజీకి మించి ఇవ్వలేమని ప్రెస్‌వాళ్లు ముందే చెప్పేశారు. అదేమో రెండో పేజీలోకి జారిపోతోంది.

"పెద్దోళ్ల సందేశాలు ఒక్కోటి ఒక్కో లైన్ల ఉండాలె. ఆడోళ్లు రాసినయన్ని కలిపి 'స్త్రీల సమాజం' అని ఒక్క లైన్ పెట్టు, అయిపోతది" అన్నాడు అబ్రహాం.

"మరి వాళ్ల పేర్లు?"

"లోపల ఉంటయ్ గద."

జెనిఫర్ అలాగే చేసింది. సూచిక ఒక్క పేజీలో సరిపోయింది. అయినా పంపడానికి మనసు రాలేదు. మౌస్ పట్టుకుని ఊరికే పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది.

అంతలో పక్క సందులో ఉండే ప్రేమమణి వచ్చింది. ఆమె భర్త చాలా ఏళ్ల కింద వర్క్‌షాపు ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత నెలల తరబడి చర్చి ఆడవాళ్లు వంతులేసుకుని తన ఇంటికి వండి తెచ్చిన సంగతి ఆమె సావనీర్‌కు రాసింది. జీవితంలో ఆమె రాసిన మొదటి వ్యాసం అది. టైపు చేస్తూ జెనిఫర్ చాలా చోట్ల ఆగిపోయింది.

"వందనాలు ఆంటీ."

"వందనాలు బిడ్డా. పుస్తకం పోతున్నదంట గద, ఒక్కసారి చూస్తా."

కళ్లద్దాలు పెట్టుకుని తెర మీద ఒక్కో లైనూ వేలితో తడుముకుంటూ కిందికి వచ్చింది. "నాదేడుంది?"

జెనిఫర్ ఆ ఒక్క లైను చూపించింది.

"మా అందరికి కలిపి గిదేనా?"

"జాగ లేదక్కా" అన్నాడు అబ్రహాం. "లోపల నీ పేరుంటది."

"నా పేరు పోనియ్యి అబ్రహాం. నా పిల్లల కడుపు నింపినోళ్ల గురించి రాసిన. వాళ్ల బిడ్డలు పుస్తకం తెరిస్తే అది యాడుందో తెల్వాలె గద? తెల్వకుంటే ఎందుకది? తీసెయ్యండి."

చాయ్ పెడతానన్నా వినకుండా వెళ్లిపోయింది. అబ్రహాం మళ్లీ నడక షురూ చేశాడు.

"డాడీ, మీరు ఆంటీ రాసింది చదివిండ్రా?"

"యాడ టైం దొరికింది? అందరి ఫోన్లు ఎత్తుడే సరిపోయె."

"అండ్ల నానమ్మ సుత ఉన్నది."

జెనిఫర్ ఆ పేజీ తెరిచింది. అబ్రహాం నిలబడే చదివాడు. ఒక వానరోజు తన తల్లి మార్తమ్మ అన్నం క్యారియర్‌ను కొంగు కింద దాచుకుని తీసుకొచ్చిందట. తను నిలువునా తడిసినా అన్నం మీద చుక్క పడనివ్వలేదట. ఆ వానాకాలమంతా అమ్మ రోజూ ఎటు పోయి వస్తుందని అబ్రహాం ఒక్కనాడూ అడగలేదు. చివరి దాకా చదివి, అబ్రహాం మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"సందేశాలన్ని ఒక్క లైన్ల పెట్టు" అన్నాడు. "ఆడోళ్లయి విడివిడిగ, పేర్లతోని."

"చైర్మన్ అంకుల్?"

"నేను మాట్లాడ్త."

వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాడు. అవతలి అరుపులు లోపలికి వినబడ్డాయి. "నీ పరేషాన్ నాకు సమజైతది సార్. గానీ గిట్లనే పోతది" అంటున్నాడు అబ్రహాం. అవతలివైపు ఫోన్ పెట్టేశారు.

జెనిఫర్ ఒక్కో వ్యాసానికీ పేరు చేర్చి, శీర్షిక స్టైల్ పెట్టి అప్‌డేట్ చేసింది. ఇంకా రెండు లైన్లు కిందికి జారుతున్నాయి. లైన్ల మధ్య ఎడం తగ్గించి మళ్లీ నొక్కింది. ఈసారి సరిపోయాయి. తండ్రి మనసు మార్చుకునేలోపే ప్రెస్‌కు పంపేసింది.

ఆదివారం చైర్మన్ రాలేదు. ఆరాధన జరిగినంతసేపూ అబ్రహాం గుమ్మం వైపే చూస్తూ గడిపాడు. విడుదలయ్యాక ఆడవాళ్లు ఆవరణలో గుంపుగా నిలబడి పుస్తకాలు తెరిచారు. ప్రేమమణి తన వ్యాసం పైకి చదవడం మొదలుపెట్టింది గానీ సగంలో ఆగి కళ్లద్దాలు తుడుచుకోసాగింది. పక్కామె పుస్తకం అందుకుని చదివింది.

జెనిఫర్ తండ్రి కోసం చూసింది. గేటు దగ్గర చెవికి ఫోన్ ఆనించుకుని తిరుగుతున్నాడు.

"చైర్మన్ సార్ ఎత్తుతలేడు. వాళ్లింటికే పోయొస్త" అన్నాడు.

"భోజనం చేసి పోండి డాడీ."

"మీరు తినుండ్రి" అంటూనే స్కూటర్ దగ్గరికి నడిచాడు.