చచ్చినోళ్ల నంబర్లు

బీడీ కార్ఖానాలో కంప్యూటరు మొండికేసి నెల దాటింది. నంబరు కొట్టి వేలు తీస్తే తెర మీద చిన్న చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. అది ఆగి పేరు చూపించేలోపు ఒక మనిషి కొంగున కట్టుకొచ్చిన అటుకులు తిని చేయి కూడా కడుక్కోవచ్చు. ఆ నంబరున్న కూలి మనిషి పేరు వస్తేనే ఆమె చేసి తెచ్చిన బీడీలు లెక్కలోకి తీసుకోవాలి, వచ్చే వారానికి ఆకు తూచి ఇవ్వాలి. సేటు పెట్టిన పద్ధతి అది.

గుమాస్తా దత్తు చేయని వైద్యం లేదు. ఆపి మళ్లీ పెట్టాడు. వెనకాల పేరుకున్న తంబాకు దుమ్ము ఊదాడు. వైర్లు మార్పించాడు. దసరా నాడు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోశాడు. చక్రం తిరుగుతూనే ఉంది. ఆడవాళ్ల వరుస గుమ్మం దాటి పిట్లం రోడ్డు మీదికి పోయింది.

"ఏంది దత్తన్నా, నీ డబ్బ ఇంకా నిద్ర లేవలేదా?" అంది రవళి. వరుసలో ముందున్నది ఆమే. "జర తంబాకు పొగ వట్టరాదు, తుమ్ముకుంట లేస్తది."

ఆడవాళ్లు నవ్వారు.

"నీ నోరు నడిచినట్టు చేతులు నడిస్తే మంచి బీడీలన్న వస్తుండె" అన్నాడు దత్తు.

"నా చేతులు నడుస్తనే ఉన్నయ్. నువ్వే కుర్చీల కూసొని చక్రం జూస్తున్నవ్. జాతరల రంగులరాట్నం లెక్క మంచిగున్నదా అన్నా?"

ఈసారి ఆకు తూచేవాడు కూడా నవ్వాడు. దత్తు చెవులు ఎర్రబడ్డాయి.

రవళి బీడీలు చేసేది సొంత నంబరు మీద కాదు. అత్త గంగవ్వ నంబరు మీద. గంగవ్వ పోయి రెండేళ్లయింది. కార్ఖానా కొత్త నంబర్లు ఇవ్వడం ఎప్పుడో మానేసింది. అందుకని అత్త పోతే కోడలు, తల్లి పోతే బిడ్డ, అదే నంబరు మీద ఆకు తీసుకుపోతారు. ఊరందరికీ తెలుసు. సేటుకు చెప్పరు. గంగవ్వ పదో దినం నాడు దత్తే రవళి ఇంటికి పోయి చెప్పాడు. "నంబరు పోనియ్యకు బిడ్డా. అది పోయిందంటే నీకు ఆకు ఇచ్చేటోడు ఉండడు." ఆ మాట చెప్పినందుకు వారం వారం ఆమె కట్టల్లోంచి రెండు కట్టలు బాగాలేవని పక్కకు పడేస్తాడు. ఆ కట్టలకు ఏ వంకా ఉండదు. సాయంత్రం అవి దత్తు సంచిలో ఇంటికి పోతాయి.

నవ్వులు ఆగకముందే సేటు ఫోను వచ్చింది.

"రోడ్డు మీద లైనేంది దత్తూ? ఎవడో ఫోటో తీసి పంపిండు. నేను పగటీలి, బువ్వ యాళ్లకు వస్తున్న. లైను గట్లనే ఉంటే నువ్వు కుర్చీ ఖాళీ చెయ్యి. వర్నిల మా బామ్మర్ది కొడుకు కంప్యూటరు చదివి ఖాళీగున్నడు."

దత్తుకు ఆ కుర్చీ తప్ప వేరే విద్య లేదు. ప్రోగ్రాం రాసిచ్చిన అనిల్‌కుమార్‌కు ఫోను కొట్టాడు.

"పిట్లంల బస్సెక్కిన అన్నా. వచ్చి చూస్త. అప్పటిదాంక ఏం ముట్టకు" అన్నాడు అనిల్.

దత్తు చక్రం వంక చూశాడు. బరువు ఎక్కువైన బండి కదలదు. ఏదన్నా దించాలి. ఈ పెట్టెలో ఎవరికీ పనికిరాని బరువు ఎవరిది? చచ్చినోళ్లది. అలా అనుకోగానే మనసుకు హాయిగా తోచింది. ఎందుకంటే మొదట గుర్తొచ్చిన పేరు గంగవ్వ.

నంబరు కొట్టివేసే మీట ప్రోగ్రాంలోనే ఉంది. గంగవ్వ నంబరు కొట్టాడు. తీసేయాలా అని అడిగింది. అవునన్నాడు. ఆ తర్వాత ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. చచ్చిపోయినవాళ్లందరి ఇండ్లకూ పదో దినం నాడు తాను పోయినవాడే. సక్రి తల్లి, ప్రేమల అత్త, ఇంకా ఎందరో. తీసేయాలా, అవును. తీసేయాలా, అవును. వరుసలో ఆడవాళ్లు ముచ్చట్లు పెట్టుకుంటూ నిలబడే ఉన్నారు.

ఒక్కచోట వేలు ఆగింది. లచ్చవ్వ. దత్తు కన్నతల్లి. ఆ నంబరు మీద ఇప్పుడు బీడీలు చేసేది అతని భార్య వైశాలి. వరుసలో రవళి వెనకాలే గంప పట్టుకుని ఉంది. దత్తు ఆ నంబరు దాటి ముందుకు పోయాడు.

అంతా అయ్యాక ఒక బతికున్న మనిషి నంబరు కొట్టి చూశాడు. చక్రం తిరిగింది. ఎప్పటిలాగే తిరిగింది.

అనిల్ వచ్చి కుర్చీలో కూర్చుని, ఏం జరిగిందో విని, గట్టిగా నవ్వాడు.

"చచ్చినోళ్లు నిన్నేం చేసిన్రే అన్నా? బరువు గాదు రోగం. నీ గోదాంల ఆకు కట్టలన్నీ వరుస లేకుంట పారేసినవనుకో. ఒక్క కట్ట కావాలంటే మొత్తం గోదాం తిరగాలె గద? గీడ గదే అయితుంది. నువ్వు నంబరు కొట్టినప్పుడల్లా ఇన్నేండ్ల ఎంట్రీలు మొదటి నుంచి ఆఖరు దాంక చదువుతుంది. ఏ నంబరుది ఎక్కడున్నదో చెప్పే ఇండెక్స్ లేదు. పెట్టుడు నేనే మర్చిపోయిన."

ఆ చివరి మాట మెల్లగా అన్నాడు. ఒకే ఒక్క కమాండు టైపు చేశాడు. దత్తు గుటక మింగేలోపు అయిపోయింది. నంబరు కొడితే పేరు టక్కున వచ్చి నిలబడింది.

"గింతేనా?" అన్నాడు దత్తు.

"గింతే."

దత్తు రోడ్డు మీదివాళ్లను లోపలికి పిలిచి, వరుసను గోడ వెంట తిప్పి నిలబెట్టాడు. "రా రవళీ" అన్నాడు దత్తు. నంబరు కొట్టాడు. ఈ నంబరు లేదు అని తెర మీద టక్కున వచ్చింది.

"లేదట" అన్నాడు.

రవళి మొదట నవ్వింది. "పొద్దున మాటకు కోపమా అన్నా? పరాచికం ఆడిన. జర మంచిగ చూడు." దత్తు మొహం చూశాక నవ్వు ఆగింది. "అన్నా, నువ్వే గద నంబరు పోనియ్యకన్నది. ఇంట్ల ముగ్గురు తినేటోళ్లం. నీ కాళ్లు మొక్కుత."

అనిల్ దత్తు చెవి దగ్గరికి వంగాడు. "తీసినవి ఇంకా ఫైల్లనే ఉన్నయన్నా. కొట్టేస్తే పోవు, ఆ జాగ ఖాళీ అని రాసుకుంటది, అంతే. వాటి మీద కొత్తవి రాయకముందే, ఫైలును పిండి ఆ ఖాళీ జాగలు తీసెయ్యకముందే వెనక్కి గుంజొచ్చు. నకలు తీసి పెట్టినవా?"

"లేదు."

"అయితే ఇప్పుడే గుంజాలె. చెప్పు."

దత్తు నోరు తెరిచాడు. అప్పుడే బయట కారు ఆగింది. సేటు లోపలికి వచ్చాడు. రోడ్డు మీద వరుస లేదు. తెర మీద చక్రం లేదు.

"శెభాష్. ఏం చేసినవ్ దత్తూ?"

నంబర్లు వెనక్కి తెస్తే అవి ఎందుకని సేటు అడుగుతాడు. చచ్చినోళ్ల నంబర్ల మీద ఇన్నేళ్లు ఆకు ఎవరు ఇచ్చారని అడుగుతాడు. వర్ని పిల్లవాడు రేపే వచ్చి కూర్చుంటాడు.

"చచ్చినోళ్ల నంబర్లు తీసేసిన సేట్. దొంగతనంగ వాటి మీద ఆకు తీస్కపోతుండిరి. బరువంతా గదే" అన్నాడు దత్తు.

అనిల్ కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. తాను ఇండెక్స్ పెట్టడం మర్చిపోయిన సంగతి సేటు దాకా పోవాల్సిన పని లేకుండా పోయింది.

సేటు రవళి వైపు గడ్డం ఎత్తాడు. "గామె ఎవరు?"

"గంగవ్వ పేరు మీద వస్తుండె సేట్. గంగవ్వ పోయి రెండేండ్లు."

"కాష్టంల బీడీలు మస్తుగ చేస్తుంది గంగవ్వ" అని సేటు నవ్వాడు. దత్తు నవ్వాడు. ఆకు తూచేవాడు కూడా నవ్వాడు. "ఇంకేమన్న చేసేది ఉన్నదా?"

"ఫైలును పిండి చిన్నగ చేసుడు ఒక్కటున్నది సేట్" అన్నాడు దత్తు. "అనిల్, పిండేయ్."

అనిల్ అతని వంక చూశాడు. "పిండితే ఇగ గుంజరాదన్నా" అన్నాడు, పెదవులు కదిలీ కదలనట్టు.

"పిండేయ్."

అనిల్ ఒక మాట టైపు చేసి మీట నొక్కాడు. పెట్టె కాసేపు గుర్రుమంది. తర్వాత నిమ్మళించింది.

సేటు చాయ్ తాగి పోయాడు. రవళి అక్కడే నిలబడి ఉంది. గంపలో వారం రోజుల బీడీలు కట్టలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. లేని నంబరు మీద వాటిని ఎవరూ తీసుకోరు. ఆమె అనిల్ మొహం చూసింది, తూచేవాడి మొహం చూసింది. తర్వాత వెనక్కి తిరిగి వైశాలిని చూసింది.

"మరి మీ అత్త నంబరు ఉన్నదా వదినా?" అంది. "లచ్చవ్వ సావుకు నేను సుత పోయి తోలిచ్చి వచ్చిన."

వైశాలి గంప వైపు తల దించుకుంది. వరుసలో ఉన్న ఆడవాళ్లందరికీ లచ్చవ్వ తెలుసు. అందరూ విన్నారు. సక్రి ఏదో అనబోయింది. తన వంతు ఇంకా రాలేదు, తల్లి నంబరు ఉందో పోయిందో తనకు తెలియదు. నోరు మూసుకుంది.

"జరుగు" అన్నాడు దత్తు.

రవళి పక్కకు జరిగింది. ఆమె నిలబడ్డ చోటికి వరుస ఒక్క అడుగు వేసింది. దత్తు తల్లి నంబరు కొట్టాడు. లచ్చవ్వ పేరు టక్కున వచ్చింది. తూచేవాడు కాంటాలో ఆకు వేశాడు. వైశాలి గంప నిండింది.

"ఇగ తర్వాత ఎవరు? జల్ది రాన్రి" అన్నాడు దత్తు. "ఇప్పుడు డబ్బ నిద్ర పోతలేదు."

సక్రి ముందుకు వచ్చి తల్లి నంబరు చెప్పింది.