కాటుక చిక్కుడు

ఆ ఇంట్లో తల్లికి కొడుకు మీద కోపం వచ్చిందంటే ఆఖరికి వచ్చే మాటేమిటో వీధి వీధంతటికీ తెలుసు. "ఆ రోజు నిన్నొదిలేసి కుండను పట్టుకున్నా బాగుండేదిరా!" అనేది ఆవిడ. పాల ప్యాకెట్టు తేవడం మరిచిపోయినా అదే మాట, తడి తువ్వాలు మంచం మీద పడేసినా అదే మాట. కొడుకు రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. జుట్టునిండా పిండితో ఇల్లు చేరేవాడు. "ఈసారి వరదొస్తే కుండనే పట్టుకో అమ్మా, నాకు ఈత వచ్చులే" అని నవ్వేసేవాడు.

మాట సరదాగానే ఉంటుంది గానీ దాని వెనక సంగతి సరదా కాదు. వీడు చంకబిడ్డగా ఉన్నప్పుడు ఏరు పొంగి ఊరి మీద పడింది. ఇంటి కప్పు మీదికి నిచ్చెన ఎక్కాలి. ఆవిడకి ఒక చంకలో బిడ్డ, ఇంకో చంకలో విత్తనాల కుండ. నిచ్చెన పట్టుకోవాలంటే ఒక చెయ్యి ఖాళీ కావాలి. ఆలోచించుకునే వ్యవధి ఎక్కడిది? కుండ వదిలింది. అది మునగనైనా మునగకుండా తేలుకుంటూ పోయి, దొడ్డిగోడ మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. బిడ్డను గుండెకు అదుముకుని ఆవిడ కప్పు మీద కూర్చుని ఆ మలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ కుండలో ఉన్నది కాటుక చిక్కుడు. ఆవిడ తల్లి, ఆ తల్లికి తల్లి, ఇంకా వెనక ఎందరో ఏటేటా వేసి, ఏటేటా దాచి, చేతులు మార్చుకుంటూ తెచ్చిన రకం. తెల్లటి గింజ మీద కంటికి కాటుక దిద్దినట్టు ఒక నల్లటి చార ఉండేది. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిచినా చావని పాదు అది. వరదతో ఊళ్ళో అందరి కుండలూ పోయాయి. ఆ తర్వాత ఏ చిక్కుడు వండిపెట్టినా ఆవిడ మూతి తిప్పేది. "ఇదీ ఒక చిక్కుడేనా! దీనికంటే గడ్డి నయం" అనేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని అందరూ అనుకునేవారు.

ఇలాంటి అత్తగారికి దొరికిన కోడలు ఎక్కడ పనిచేస్తుందయ్యా అంటే, విత్తనాల గిడ్డంగిలో. ఊరి చివర పెద్ద తెల్ల భవనం, అందులో గడ్డకట్టే చలిగది, ఆ గదిలో ఎక్కడెక్కడి పంటల విత్తనాలో. కోడలు ఆ గింజల్ని అప్పుడప్పుడూ తీసి మొలకెత్తించి చూస్తుంది, బలం తగ్గినవాటిని మళ్ళీ పండించి కొత్త గింజ పెడుతుంది. అత్తగారికి ఈ ఉద్యోగం బొత్తిగా మింగుడుపడలేదు.

"గింజను మట్టిలో పెడతారు గానీ మంచులో పెడతారటే ఎవరైనా? చలికి చచ్చి ఊరుకుంటుంది."

"చావదు అత్తయ్యా. నిద్రపోతుంది."

"నిద్రపోయే గింజకి నువ్వు కాపలా, దానికి మళ్ళీ జీతం! బాగానే ఉంది సంబడం."

ఒకరోజు కోడలు ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గడపలో నిలబడింది. "అత్తయ్యా, మీ చిక్కుడు గింజ మీద చార ఎటు పోతుంది? ముక్కు దగ్గర మొదలై కడుపు మీదికా, వీపు మీదికా?"

"వీపు మీదికి. చివర కాస్త వంకర తిరుగుతుంది, కాటుక పెట్టేటప్పుడు చెయ్యి వణికినట్టు. ఎందుకే?"

కోడలి ముఖం అదోలా అయింది. "రేపు నాతో గిడ్డంగికి రండి. మీరు చూడాల్సింది ఒకటుంది" అంది. ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఇంకో ముక్క చెప్పలేదు.

మర్నాడు గిడ్డంగి వాకిట్లో వాళ్ళకి అక్కడి పెద్దాయన ఎదురొచ్చాడు. మండే ఎండల్లో కూడా ఉన్ని స్వెటరు విప్పడు కాబట్టి పనివాళ్ళంతా ఆయన్ని స్వెటరు సారు అంటారు. ఆయనే సంగతి చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట ఒక మనిషి భుజాన సంచి వేసుకుని పల్లెపల్లెకీ తిరిగి గుప్పెడు గుప్పెడు గింజలు పోగుచేసి తెచ్చాడు. ఆ పొట్లాల్లో ఒకదాంట్లో ఉన్న చిక్కుడు గింజలు మొన్న కోడలి కంటపడ్డాయి.

అత్తగారు ముక్కున వేలేసుకుంది. "ఆ సంచీ మనిషా! వరదకి ముందు ఏడాది మా గుమ్మంలోకీ వచ్చాడు. చదువుకున్నవాడివి, ఈ గింజలు అడుక్కోవడమేంటి నాయనా అని నవ్వాను కూడాను. నవ్వుతూనే గుప్పెడు పోశాను."

"అవి ఇవేనో కాదో మీరే చెప్పాలి అమ్మగారూ. కానీ ముందే ఒక మాట చెబుతున్నాను, ఆశ పెట్టుకోవద్దు. కొన్నేళ్ళ కిందట ఇందులో సగానికి పైగా తీసి మొలకకి పెట్టారట. ఒక్కటీ మొలవలేదు. ఇప్పుడు మిగిలినవి గుప్పిట్లో పోస్తే గుప్పెడు కూడా కావు. మీరు అవునంటే ఆఖరి ప్రయత్నం చేస్తాం. మొలిస్తే పండిస్తాం. మొలవకపోతే ఇక భూమ్మీద ఈ చిక్కుడు లేనట్టే."

ఉందన్న మాట విని ఆవిడ నిండా ఊపిరైనా పీల్చుకోలేదు, అప్పుడే లేదంటున్నాడు.

పొట్లం తేవడానికి వెళుతూ కోడలు అత్తగారికి మందపాటి కోటు తొడిగి తనతోపాటు చలిగదిలోకి తీసుకెళ్ళింది. తలుపు తెరుచుకోగానే తెల్లటి పొగ కాళ్ళకు చుట్టుకుంది. లోపల నేల నుంచి కప్పు దాకా అరలు. ఆ చివర ఎక్కడుందో కంటికి ఆనలేదు. అరల నిండా వెండిరంగు పొట్లాలు.

"ఇటువైపంతా వరి అత్తయ్యా. ఇదిగో, ఇది మనిషి మునిగే నీళ్ళలో పెరుగుతుంది. వరద లేచేకొద్దీ అదీ లేస్తుంది. పడవల్లో వెళ్ళి కోస్తారు."

"పడవల్లోనా!"

"ఇది ఉప్పు నేలలో పండేది. ఆ వరసంతా మొక్కజొన్న. ఎర్రవి, నల్లవి, నీలివి కూడా ఉన్నాయి. ఈ నీలిదాన్ని ఇసుకలో మూరెడు లోతున పాతిపెడతారట, అడుగున ఉన్న కాస్త తడిని పట్టుకుని పైకొస్తుంది. ఇది చూడండి, ఆవగింజకంటే చిన్నది. వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్ళకి ఊళ్ళు దీన్ని తిని బతికాయట. అటు చివర గోధుమలు. కొండల మీద మంచు కిందే పడుకుని, ఎండ రాగానే లేచేవి."

"నీ మొగుడు పిసికే పిండి కూడా ఇక్కడిదేనా?"

"దాని ముత్తాతలు ఇక్కడున్నాయి."

వీధి చివరి దాకా వినిపించే గొంతు ఆవిడది. అలాంటి మనిషి, పడుకున్నవాళ్ళు లేస్తారేమో అన్నట్టు గొంతు తగ్గించేసింది. "ఇవన్నీ ఎవరివే?" అని గుసగుసగా అడిగింది.

"ఎవరెవరివో అత్తయ్యా. మనం వాళ్ళ ముఖాలు చూడం, వాళ్ళ మాట మనకి అర్థం కాదు. మీలాగే ఎవరో ఒకరు గుప్పెడు పోస్తేనే వచ్చాయి. మనకి కోతలైపోయేసరికి భూమికి అవతలి పక్క వాళ్ళు అప్పుడే దుక్కి దున్నుతుంటారు. ఏ పూట చూసినా ఎక్కడో ఒకచోట ఎవరో విత్తుతూనే ఉంటారు."

అత్తగారు అరల మధ్య నిలబడిపోయింది. ఆవిడకి పొట్లాలు కనబడటం మానేసి కుండలు కనబడ్డాయి. ఎన్ని వేల కుండలు! ఒక్కొక్క కుండ వెనక ఒక ఆడమనిషి, ఎండబెట్టి, తూర్పారబట్టి, పుచ్చుగింజ ఏరేసి, పిల్లలు ఆకలని ఏడ్చినా ఆ కుండ జోలికి పోకుండా వచ్చే ఏటికి దాచిన మనిషి. ఇంతమంది కలిసి ఇన్ని తరాలుగా లోకానికి అన్నం పెడుతుంటే, తాను మాత్రం తన ఒక్క కుండ గురించే ఏడుస్తూ కూర్చుంది. అప్రయత్నంగా రెండు చేతులూ జోడించి, ఎవరికి దండం పెడుతోందో తెలియక, అన్ని అరలకీ కలిపి పెట్టింది.

"అమ్మ బాబోయ్" అంది చివరికి. "ఎంత పెద్ద కాపురమే ఇది!"

పొట్లాన్ని బయటికి తెచ్చి బల్ల మీద పెట్టారు. కానీ వెంటనే విప్పకూడదు. చల్లగా ఉండగా విప్పితే గింజకి చెమట పడుతుంది, చెమట పట్టిన గింజ పాడవుతుంది. పొట్లం గది వెచ్చదనానికి వచ్చేదాకా ఆగాలి. అత్తగారు బుద్ధిగా కూర్చుంది. చెయ్యి ఎక్కడ ఆగక ముట్టుకుంటుందోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని మరీ కూర్చుంది. మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. ఇంట్లో అన్నం ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి!

ఆఖరికి కోడలు పొట్లం కత్తిరించి, గింజల్ని అత్తగారి అరచేతిలో పోసింది.

తెల్లటి గింజలు. వీపు మీద నల్లటి చార. చివర చెయ్యి వణికిన వంకర.

ఆవిడ కళ్ళు నిండాయి. ఒక గింజను రెండు వేళ్ళతో తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. చూసి, ఆ తర్వాత చేసిన పని ఆవిడ చేసింది కాదు, ఆవిడ చెయ్యి చేసింది. గింజ చేతికొస్తే ఎండిందో లేదో చూడటానికి నోట్లో వేసుకుని కొరకడం తల్లి దగ్గర నేర్చుకున్న అలవాటు. కటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగా దిగితే పచ్చి ఉన్నట్టు.

కటుక్కుమంది.

"అత్తయ్యా!" అని కోడలు కెవ్వుమంది.

స్వెటరు సారు కుర్చీలోంచి లేచిపోయాడు. "అమ్మగారూ, లోకంలో మిగిలిందే ఆ కాసిని గింజలు. అందులో ఒకటి తినేశారా మీరు?"

"తినలేదు నాయనా, తినలేదు! కొరికానంతే!" ఆవిడ గాభరాగా గింజను అరచేతిలోకి ఉమ్మింది. ఒక అంచు విరిగి పెచ్చు లేచింది. నాలుక మీద ఆ పాత వగరు తగిలింది. అమ్మ చేతి వగరు. తన చిక్కుడేనని ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. అది తెలిసిన క్షణానే ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊరికే అన్నారా! నా పళ్ళు రాలిపోనూ! అప్పుడు చేతులారా వదిలాను, ఇప్పుడు నోరారా కొరికాను."

గింజల్ని తడి కాగితంలో వరసగా పరిచి, చుట్టి, వెచ్చటి గాజుపెట్టెలో పెట్టారు. విరిగిన గింజను పారేయడానికి కోడలికి చేతులు రాలేదు. దాన్నీ చివర్లో పెట్టింది.

ఆ తర్వాతి రోజుల్లో ఆ ఇంట్లో తిట్లు వినిపించలేదు. తడి తువ్వాలు మంచం మీదే పడుంది. కొడుకు కావాలనే పాల ప్యాకెట్టు మరిచిపోయి వచ్చాడు, ఆవిడ పలకలేదు. "అమ్మా, ఒక్కసారి కుండ మాట అనవే" అని బతిమాలాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. కంచంలో అన్నం కెలికి వదిలేసేది. ఆ ఒక్క గింజే మొలిచేదేమో, దాన్నే కొరికానేమో అని ఆవిడ లోపల ఒకటే రొద.

ఒక ఉదయం గిడ్డంగి నుంచి కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యా, ఉన్నపళాన రండి."

కొడుకు పిండి చేతులతోనే బట్టీ వదిలేసి తల్లిని స్కూటరు మీద తీసుకొచ్చాడు. బల్ల మీద తడి కాగితం విప్పి ఉంది. గింజలన్నీ పెట్టినవి పెట్టినట్టే, గులకరాళ్ళలా ఉన్నాయి. ఉబ్బలేదు, కుళ్ళలేదు. ఆ చివర మాత్రం ఒకటి లేచింది. పెచ్చు ఊడిన అంచు పక్కనుంచి తెల్లటి వేరు దిగి, వంగిన మెడతో చిన్న మొలక తల ఎత్తుతోంది. ఆవిడ పంటి గాటు దాని మీద అలాగే ఉంది.

"మీరు కొరికిందే అత్తయ్యా" అంది కోడలు, నవ్వో ఏడుపో తెలియకుండా. "ఇన్నేళ్ళ చలికి, పొడిగాలికి పైతోలు రాయిలా అయిపోయింది. నీళ్ళు లోపలికి పోవట్లేదు. మీ పన్ను పడ్డచోట దారి దొరికింది. మిగతావీ చావలేదు. తలుపులేసుకుని కూర్చున్నాయంతే."

స్వెటరు సారు నుదురు కొట్టుకున్నాడు. "గట్టితోలు గింజలకి గాటు పెట్టాలని మాకు తెలియంది కాదు. ఎన్నిటికో పెట్టాం. కానీ మా దగ్గరున్న చిక్కుళ్ళలో దేనికీ ఆ అవసరం రాలేదు. ఇవి చచ్చిపోయాయనే అనుకున్నాం."

"నేను మాత్రం తెలిసి కొరికానా నాయనా? పాడు అలవాటు" అంది అత్తగారు. ఆ మొలకను కన్నార్పకుండా చూస్తోంది. ఇన్నాళ్ళు మంచులో, చీకట్లో, ఎవరూ పిలవకపోయినా ఎదురుచూసింది. కాస్త సందు దొరికిందే చాలన్నట్టు లేచి కూర్చుంది. లోకంలో అంత ఓపిక ఇంకెవరికుంది అనుకుంది ఆవిడ.

కోడలు బ్లేడు తీసి ఒక్కో గింజకి, మొలక వచ్చే ముక్కుకి తగలకుండా, అవతలి అంచున చిన్న గాటు పెట్టింది. ఒకటి రెండు తప్ప అన్నీ మొలిచాయి. గిడ్డంగి వెనక మడిలో పందిరి వేశారు. పాదులు ఎక్కాయి, పూశాయి, కాశాయి. కాయలు చెట్టునే ఎండి గలగలలాడే రోజున అత్తగారు బుట్ట పట్టుకుని తానే కోసింది.

ఒలిచిన గింజల్ని పళ్ళెంలో పోశారు. చలిగదిలో పెట్టేముందు ఎండాయో లేదో చూడాలి. దానికి గిడ్డంగిలో మిషనుంది. అయినా స్వెటరు సారు ఆ మిషను వైపు వెళ్ళకుండా, ఒక గింజను తీసి ఆవిడ చేతికే ఇచ్చాడు. అందరూ ఆవిడ నోటి వైపే చూస్తున్నారు.

కటుక్కుమంది. ఒక్కసారిగా అందరూ నవ్వారు.

కొత్త పొట్లాన్ని ఆవిడే స్వయంగా చలిగదిలోకి తీసుకెళ్ళి, పడవ వరికీ నీలి మొక్కజొన్నకీ దగ్గరలో ఒక అరలో పెట్టింది. బిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టి, కాసేపు చెయ్యి తీయలేదు.

బయటికి వచ్చేసరికి కొడుకు స్కూటరు దగ్గర నిలబడి ఉన్నాడు. "కుండ దొరికిందిగా అమ్మా, ఇక మీదట నన్నేమని తిడతావ్?"

ఆవిడ వాడి జుట్టులోని పిండి దులిపింది. "ఆ రోజు నిన్ను పట్టుకున్నాను కాబట్టే ఈ పిల్ల మనింటికొచ్చింది. ఈ పిల్ల వచ్చింది కాబట్టే కుండ దొరికింది" అంది. తన రెండు చేతుల్నీ ఒకసారి చూసుకుంది. "నేను ఏదీ వదల్లేదురా నాయనా."

కొడుకు తల్లి చేతిలోని ఖాళీ బుట్ట అందుకుని, ముఖం అటు తిప్పుకుని స్కూటరు తీశాడు.