తలుపుల్లేని గడి

మాహులి గడ్ మాటెత్తితే సిద్ధిరాములు నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. భివండికి వచ్చిన కొత్తలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే తోటి కార్మికులతో కలిసి ఎక్కాడు ఆ కొండకోట. చిన్ననాటి శివాజీని వెంటబెట్టుకుని జిజాబాయి కొన్నాళ్లు అక్కడే తలదాచుకుందనీ, వానాకాలం జలపాతం చూడ్డానికి ముంబై జనం విరగబడతారనీ ఎప్పుడూ ఊదరగొట్టేవాడు. భార్య లక్ష్మవ్వను మాత్రం ఒక్కసారీ తీసుకుపోలేకపోయాడు. "గడికి నేను రాను" అనేది, అంతే. మొండిఘటం అని నవ్వి ఊరుకునేవాడు.

ఈ ఏడు మనవరాలు నేహ కాలేజీ పిల్లలతో గడ్ ఎక్కుతానంది. లక్ష్మవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఆడివిల్ల గడికి పోవుడేంది? నా పానం బోయినా పోనియ్య!"

"అరే బాపమ్మా, సగళే జాతాయత్! అందరు పోతున్నరు!"

"మా రాజక్క గూడ అందరు పోతున్నరనే పోయింది. చీరెలు నేసినయి గడిల ఇచ్చి రమ్మన్నడు దొర. తెల్లారి బాయిల తేలింది."

లక్ష్మవ్వ అక్క జరమొచ్చి పోయిందనే సిద్ధిరాములుకు అత్తింటివాళ్లు చెప్పారు. మరాఠీవాళ్ల గడ్ అంటే కొండమీది కోట. తమ ఊరి గడి అంటే దొర మేడ, వెట్టికి పిలిచే చోటు. ఇన్నేళ్లూ ఆయన గడ్ అంటూనే ఉన్నాడు, ఆమె గడి అనే వింటూ వచ్చింది. దాన్ని పట్టుకుని తను నవ్వాడు కూడా! తలుచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

"అది దొర గడి గాదే. గుట్టమీది కోట. ఇప్పుడు గాడ ఎవ్వలుండరు, నా మాటిను" అని బతిమాలితే, చాలాసేపటికి లేచి దారిచ్చింది. పొద్దంతా ముద్ద ముట్టలేదు.

సాయంత్రం నేహ బురద కాళ్లతో తిరిగొచ్చింది. లక్ష్మవ్వ పిల్ల ఒళ్లంతా తడిమి చూసుకుంది. నేహ నవ్వుతూ ఫోన్‌లో ఫోటో చూపించింది. సగం కూలిన రాతి దర్వాజా, దాని ముందు గుంపుగా పిల్లలు.

"తలుపుల్లేవేందే?"

"కబ్‌కే, ఎప్పుడో పోయినయ్ బాపమ్మా. ఎవలన్న లోపలికి పోవచ్చు."

"బయటికి గూడ రావచ్చా?"

"రావచ్చు. నేను రాలేదా?"

"వచ్చినవ్ బిడ్డా" అంది లక్ష్మవ్వ. "మా రాజక్కనే రాకపాయె."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సిద్ధిరాములు ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఆ గడ్ గురించి చెప్పడానికి ఆయన దగ్గర ఇక ఒక్క మాటా లేదు.