పేరు చెప్పకుండా

స్నానాల గది గడియ పెట్టుకుని కృపాజ్యోతి కుడి చంక కింద నూనె రాసుకుంటోంది. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె అది. తలనొప్పికని చెప్పి తెచ్చుకుంది. రొమ్ము పక్కన, చంకకు దగ్గరగా, చర్మం కింద ఏదో గట్టిగా తగులుతుంది. వానలు మొదలైనప్పుడు శనగగింజంత ఉండేది. ఇప్పుడు చింతగింజను మించింది. వేలు అక్కడికి చేరేముందు రోజూ ఊపిరి బిగపట్టి, ఇవాళ తగ్గి ఉంటుందని అనుకుంటుంది. ఇవాళా తగ్గలేదు. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆమెను ఎక్కువ భయపెడుతోంది.

"ఇంకా ఒడుస్తలేదా ఆ నూనె?" బయటి నుంచి భర్త దేవరాజ్ గొంతు. ఎల్లారెడ్డి బజారులో మోటార్లకు వైండింగు చేసే దుకాణం అతనిది. "నీ తలనొప్పి లెక్క రోజు రోజు వచ్చే గిరాకీ నాకొక్కడు లేకపాయె."

ఆమె నవ్వినట్టు శబ్దం చేసి, జాకెట్టు హుక్కులు పెట్టుకుంది. ఈమధ్య కుడిచెయ్యి సరిగా వెనక్కి పోవడం లేదు.

ఆమె తల్లి హన్మవ్వ లింగంపేటలో బీడీలు చుట్టేది. కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, మాట్లాడుతూనే చుట్టేది. ఒక ఏడు, రొమ్ము పక్కన గడ్డ లేచి, చాట ఒళ్లోంచి పీట మీదికి మారింది. ఎందుకని అడిగిన వాళ్లకు, "సెగ్గడ్డ బిడ్డా, పండితే పోతది," అని చెప్పేది. అది పండలేదు. పట్నం తీసుకుపోయేసరికి ఆలస్యమైంది, 'ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి' అన్నాడు డాక్టరు. చావు రోజున కూడా ఆ ఇంట్లో ఎవరూ దాని పేరు ఎత్తలేదు. 'ఆ బీమారి' అనేవారు, అదీ గొంతు తగ్గించి. పేరు పలికితే మిగిలిన ఆడవాళ్లకూ అంటుకుంటుందేమో అన్నట్టు.

కామారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని కృపాజ్యోతి పెదవులు కదుపుతూ ఇంగ్లీషు వాక్యాలు అప్పజెప్పుకుంది. రోడ్డు పొడుగునా సగం దాకా మక్కజొన్నలు ఆరబోశారు. ఆమె డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు గెస్ట్ లెక్చరర్. ఎన్ని ఏళ్లుగా చెబుతున్నా గెస్టే. ప్రతి ఎండాకాలం మళ్లీ దరఖాస్తు పెట్టాలి, మళ్లీ కొత్తదానిలా కమిటీ ముందు పాఠం చెప్పి చూపాలి. తెలుగు మీడియంలో చదివి, పొద్దంతా తల్లి పక్కన బీడీలు చుడుతూ దూరవిద్యలో ఎమ్మే చేసిన మనిషికి ఆ కమిటీ గది గుమ్మం దాటడమంటే ఏటా భయమే. జబ్బు మనిషని తెలిస్తే మళ్లీ ఎవరు పిలుస్తారు? అందుకే ఎవరికీ చెప్పలేదు. అందుకే అని తనకు తాను చెప్పుకుంటోంది. అసలు సంగతి వేరు. చెబితే డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. డాక్టరు పేరు పెడతాడు.

ఇవాళ్టి పాఠం మధ్యయుగాల ఇంగ్లీషు పద్యంలో పాత్రచిత్రణ. ఆరువందల ఏళ్ల నాటి పద్యం. ఏటి ఒడ్డున పడవ కోసం కొందరు కాచుకుని ఉంటారు. కవి ఒక్కొక్కరినీ చూస్తూ పోతాడు. ఎవరు మంచివాళ్లో, ఎవరు చెడ్డవాళ్లో చెప్పడు. చెప్పుల అరుగుదల చెబుతాడు, గోళ్లలో మట్టి చెబుతాడు.

"ఉప్పు అమ్మే ఆమెను చూడండి," కృపాజ్యోతి ముందు ఇంగ్లీషులో చెప్పి, వెనక బెంచీల కోసం తెలుగులోకి దిగింది. "ఎండ కొడుతున్నా శాలువా తీయదు. ఎడమచెయ్యి దాంట్లోనే. ఉప్పు కొలిచినా, చిల్లర ఇచ్చినా కుడిచేత్తోనే. పక్కన ఎవరైనా కూర్చుంటే కొంచెం జరుగుతుంది. అంతవరకు చెప్పి కవి పక్క మనిషి దగ్గరికి పోతాడు. ఆమెకు ఏముంది?"

"కుష్టు," అన్నారెవరో.

"కవి అన్నాడా ఆ మాట?"

"అనలేదు మేడం."

"మరి మీకెట్ల తెలిసింది?"

ఏటా అడిగే ప్రశ్నే. పిల్లలు ఏటా ఇక్కడే మొఖాలు చూసుకుంటారు, ఆమె ఏటా ఇక్కడే నవ్వుతుంది. ఈసారి నవ్వలేదు. గుటక మింగి, గబగబా తర్వాతి పనిలోకి వెళ్లిపోయింది. ఈ పాఠానికి ఆమె సొంతంగా పెట్టుకున్న ఆట అది. పిల్లలు అందరికీ తెలిసిన మనిషినొకరిని పేరు చెప్పకుండా చెప్పాలి. మంచి, చెడు, పాపం అనే మాటలు వాడకూడదు. కనిపించేదే చెప్పాలి. మిగిలినవాళ్లు ఎవరో పోల్చుకోవాలి.

సంపత్ లేచాడు. "బెల్లు కొట్టేముందు బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుంటడు. బెల్లు కొట్టినంక చెవి మీదున్న బీడీ కోసం జేబులన్నీ ఎతుకుతడు."

"బాలనర్సయ్య!" క్లాసు మొత్తం అరిచింది. వరండాలో అటెండర్ బాలనర్సయ్య తొంగిచూసి, "నా మీద పాఠం నడుస్తుందా మేడం?" అన్నాడు. "ఫీజు నాక్గూడ కట్టుండ్రి మరి."

నవ్వులు తగ్గాక మూడో బెంచీలోంచి సంజన లేచింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని పిల్ల. తల వంచుకుని మొదలుపెట్టింది.

"గామె నవ్వుతది. నవ్వు అయిపోయినంక గూడ అది మొఖం మీదనే ఉంటది, తీసుడు మర్చిపోయినట్టు. ఇంగ్లీషు మాట్లాడేముందు ఒకసారి గుటక మింగుతది."

కిచకిచలు. "మేడమే, మేడమే," అని గుసగుసలు. కృపాజ్యోతి కూడా నవ్వింది. "కానివ్వు," అంది.

"పుస్తకం కుడిచంకకు ఆనిచ్చి పట్టుకుంటది, ఎవ్వరు తగలకుండ. ఆ దిక్కు నుంచి ఎవరన్న వస్తే జరుగుతది. ఇంతకుముందు బోర్డు పైనుంచి రాస్తుండె. ఇప్పుడు సగం నుంచి కిందికి రాస్తది."

నవ్వులు ఆగిపోయాయి. పిల్లలందరి కళ్లూ ఒక్కసారే బోర్డు మీదికి వెళ్లాయి. పై సగం నున్నగా, నల్లగా ఉంది. అక్షరాలన్నీ అడుగున, ఒకదాని మీద ఒకటి పడి, నీళ్లు తగ్గిన గుంటలో చేపల్లా ఉన్నాయి.

ఆమె కుడిచంకలో పుస్తకం ఉంది. దాన్ని అక్కడి నుంచి తీయాలని అనుకుంది. తీయలేకపోయింది. "బాగ చెప్పినవ్. కూర్చో," అన్న గొంతు తనదేనని ఆమెకు అనిపించలేదు.

క్లాసు అయ్యాక సంజన వరండాలో కాచుకుని ఉంది.

"తప్పు చెప్పిన్నా మేడం?"

"లేదు."

"మా పెద్దవ్వ గూడ గట్లనే జరుగుతుండె. మేమందరం చూస్తనే ఉన్నం. ఎవ్వరం అడగలే."

"ఇప్పుడెట్లుంది?"

సంజన చున్నీ కొస వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది. "మా చిన్నమ్మ దవాఖానల నర్సు మేడం," అంది. "ఇయ్యాల సాయంత్రం డ్యూటీనే. నేను తోడొస్త."

"నాకేం లేదు బిడ్డా. సెగ్గడ్డ. పండితే పోతది."

అన్నాక ఉలిక్కిపడింది. ఆ మాట తను అనలేదు. ఆ సాగదీత, ఆ తేలికదనం, చివర ఆ చిన్న నవ్వు, అన్నీ హన్మవ్వవి. పీట ముందు కూర్చున్న తల్లి తన నోట్లోంచి మాట్లాడినట్టయింది. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో టిఫిన్ డబ్బా మూత తీసి, అలాగే మూసేసింది.

సాయంత్రం కామారెడ్డి బస్టాండులో జనం కిటకిటలాడుతున్నారు. ఎల్లారెడ్డి బండి వచ్చి ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి సంచులు, తువ్వాళ్లు లోపల పడ్డాయి. కృపాజ్యోతి కూడా అలవాటుగా నడుములో దోపుకున్న దస్తీరుమాలు తీసి, ఎడమచేత్తో కిటికీలోంచి సీటు మీద వేసింది. ఇక ఆ సీటు ఆమెదే. దస్తీ పడ్డ చోట ఇంకొకరు కూర్చోరు.

తొక్కిసలాట తగ్గాక ఒక కాలు మెట్టు మీద పెట్టింది. పైకి ఎక్కాలంటే కుడిచెయ్యి ఎత్తి కమ్మీ పట్టుకోవాలి. ఎత్తింది. చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. పొద్దున ఎలా ఎక్కిందో గుర్తు చేసుకోబోయింది. ఎడమచేత్తో, పక్కకు తిరిగి, దొంగలా. ఎన్ని రోజుల నుంచి అలా ఎక్కుతోందో, అది ఎంతమంది చూశారో.

"ఎక్కుండ్రి మేడం," కండక్టర్ యాకూబు లోపలి నుంచి అన్నాడు. "మీ సీటు నేను కాపాడుతున్న. ఒకాయన దస్తీ జరుపుతుంటే గదమాయించిన."

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"ఏమైంది మేడం? ఏమన్న మర్చిపోయిండ్రా?"

"ఒక పనుంది యాకూబన్నా. నువ్వు పో."

పక్కకు వచ్చి దేవరాజ్‌కు ఫోను చేసింది. అటువైపు మోటారు తిరుగుతున్న రొద.

"నేను దవాఖానకు పోతున్న," అంది. "నాది తలనొప్పి కాదు."

అటు రొద ఆగిపోయింది. "అత్తమ్మ లెక్కనా?" అన్నాడు.

"తెల్వది. భయమైతుంది."

"దవాఖాన గేటు కాడనే ఉండు. లోపలికి ఒక్కదానివే పోకు. నేను బండేసుకొస్తున్న."

బస్టాండు గేటు దగ్గర పండ్ల బండి పక్కన సంజన నిలబడి ఉంది. ఇటు చూడనట్టు అరటిపండ్ల వైపు చూస్తోంది. కృపాజ్యోతి ఆ పిల్ల దాకా నడిచింది. సంజన ఏమీ అడగకుండా ఎడమవైపుకు వచ్చి పుస్తకాల సంచి అందుకుంది. ఇద్దరూ దవాఖాన వైపు రోడ్డు దాటారు.

వెనక ఎల్లారెడ్డి బండి కదిలింది. లోపల సందు లేకుండా జనం నిలబడ్డారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె కిటికీ పక్క ఖాళీ సీటు చూసి, "ఇదెవరిది?" అని అడిగింది. "మనిషుంది," అన్నారెవరో. లింగంపేట దాకా ఎవరూ కూర్చోలేదు. అంచుకు నీలం గీత ఉన్న తెల్ల దస్తీ, కిటికీ గాలికి ఒక కొస లేచి పడుతూ, ఆ సీటు మీద అలాగే ఉంది.