ముప్పై ఏడో గీత

బండిని తర్వాతి సుద్దగీత మీదికి జరిపి, చక్రాలకు బ్రేకు వేసి, అందరూ 'బండి పిన్ని' అని పిలిచే ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. బండి మీది యాంటెన్నా ఆమె తలకు మూరెడు ఎత్తున ఉంది. మనిషి ఒళ్లు నీళ్లకుండ లాంటిది, అడ్డొస్తే సిగ్నల్‌ను మింగేస్తుంది. అందుకే కొలిచే మనిషి కొలతలో కనిపించకూడదు. పరికరం కూత పెట్టేదాకా ఊపిరి బిగబట్టడం కూడా ఆమెకు అలవాటైపోయింది.

పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆఫీసులు, ఆస్పత్రులు, స్టేషన్లు, గీతకొక కొలత. ఆ అంకెలను బట్టే వైర్‌లెస్ ఇంటర్నెట్ ఏ గోడ దగ్గర ఎంత బలహీనపడుతుందో పరిశోధకులు లెక్క కడతారు. ఇవాళ్టితో ఆమె ఉద్యోగం అయిపోతుంది.

"పిన్నీ, నిన్న ముప్పై ఏడో గీత దగ్గర సిగ్నల్ దబ్బున పడిపోయింది. లేచి నిలబడ్డావా?" లెక్కలు చూసే అమ్మాయి మొహమాటంగా అడిగింది.

"నేనా? మా అత్తగారి ముందు కూడా అంత ఒదిగి కూర్చోలేదే తల్లీ!"

అమ్మాయి నవ్వి, వెంటనే తల దించుకుంది. "అది తప్పయితే ఈ కారిడార్ కొలతలన్నీ కొట్టేయమన్నారు ఈ పరిశోధన నడిపే మాస్టారు."

నెల రోజుల పని. చివరి పని. పిన్ని బండిని మళ్లీ ముప్పై ఏడో గీత దగ్గరికి వెనక్కి తోసుకెళ్లింది. మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ సిగ్నల్ నిక్షేపంలా ఉంది. అంటే నిన్నటి తప్పు తనదేనని తేలుతుంది.

అప్పుడు గోడ వెనక ఏదో గరగరలాడింది. నిన్నా ఇదే చప్పుడు.

"అమ్మాయ్, ఆ లిఫ్టును ఈ అంతస్తుకు పిలువు."

లిఫ్టు వచ్చి ఆగింది. అంకె పడిపోయింది. కిందికి పంపితే మళ్లీ లేచింది.

"సిగ్నల్‌కు అడ్డం ఆ ఇనుప గది! మా లెక్కలో లిఫ్టే లేదు పిన్నీ. తప్పు మాదే."

"మరి చేర్చండి. అదీ మనిషిలాంటిదేగా, ఒక్కచోట ఉండి చావదు."

మిగిలిన గీతలన్నీ కొలిచి, సంతకం చేసి, నాలుగింటి బస్సుకు ఆమె వెళ్లిపోయింది. ఎవరికీ ప్రత్యేకంగా చెప్పలేదు.

మర్నాడు అమ్మాయే బండి తీసింది. మొదటి గీత దగ్గరే గచ్చు మోకాళ్లను కొరికేసింది. లేవబోతూ బండి కింది అర పట్టుకుంటే చేతికి మెత్తగా ఏదో తగిలింది. నాలుగు మడతల పాత దుప్పటి ముక్క. దాని మీద పక్కపక్కనే రెండు లోతైన గుంటలు.